ఫిల్టర్ మీడియా మార్చాలా? పాత స్పాంజిని అప్పుడే పారేయకండి

(కర్నూలులో అక్వేరియాలు పెంచుకునేవాళ్లు కొందరు ఒక ఆదివారం సాయంత్రం కలిసినప్పటి ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తారా... వద్దులే, ఈ ఎండల్లో ఫ్యాను ఆపితే మీరు లేచి వెళ్లిపోతారు. నేనే గొంతు పెంచుతాను.

నన్ను ఫిల్టర్ మీడియా గురించి మాట్లాడమన్నారు. మీడియా అంటే టీవీ వాళ్లు కాదు, ఫిల్టర్‌లో ఉండే స్పాంజి, దూది, సిరామిక్ రింగులు, బయో బాల్స్ అనే ప్లాస్టిక్ బంతులు, కార్బన్, ఇవన్నీ. వీటిని ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను, తొందర పని ఉన్నవాళ్లు విని వెళ్లొచ్చు. మనలో చాలామంది మార్చాల్సిన అవసరం లేనప్పుడు మారుస్తున్నాం. మార్చక తప్పనప్పుడేమో మొత్తం ఒకేసారి మారుస్తున్నాం. ఈ రెండింటి వల్ల చచ్చిన చేపలే మన ఊళ్లో ఎక్కువ. జబ్బుతో పోయినవాటికంటే ఇవే ఎక్కువని నా అనుమానం.

ఉగాది ముందు ఇళ్లలో ఏం జరుగుతుందో చెప్తాను, మీ ఇంటి కథలా ఉంటే నన్ను తిట్టుకోవద్దు. ఇల్లంతా దులుపుతారు, అటకమీద సామాను దించుతారు, ఆ ఊపులో అక్వేరియం మీద కూడా పడతారు. చేపల్ని బకెట్లో వేస్తారు. నీళ్లన్నీ పారబోస్తారు. అడుగున గులకరాళ్లు జల్లెడలో పోసి రుద్ది రుద్ది కడుగుతారు. తర్వాత ఫిల్టర్ విప్పుతారు. స్పాంజి తీసి కుళాయి కింద పెట్టి పిండితే కాఫీ డికాక్షన్ రంగులో నీళ్లు కారతాయి. "ఛీ, ఎంత గలీజుందో చూడు" అంటారు. తెల్లనీళ్లు వచ్చేదాకా పిండుతారు. అంతటితో ఆగరు, మిద్దెమీద పిట్టగోడపై ఎండకు పెడతారు, క్రిములు చచ్చిపోతాయని.

చచ్చిపోతాయి, నిజమే. ఏ క్రిములు చచ్చిపోతున్నాయి అన్నదే అసలు ప్రశ్న.

మొదటి రోజు ట్యాంకు అద్దంలా ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ మెచ్చుకుంటారు. రెండో రోజు చేపలు మేత సరిగా తినవు. మూడో రోజో నాలుగో రోజో గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుచుకుని గుటకలు వేస్తుంది, మొప్పలు ఎర్రగా కందిపోతాయి. మనమేమంటాం? "నీళ్లు మార్చాం, ఫిల్టర్ కడిగాం, ఇంత శుభ్రంగా ఉంటే ఎందుకు పోతున్నాయి" అంటాం. దిష్టి తగిలిందన్నవాళ్లను కూడా చూశాను.

సరే, లోపల ఏం జరిగింది? చేప తిన్న మేతలోని ప్రోటీన్ అరిగాక మిగిలే వ్యర్థం అమ్మోనియా. ఎక్కువ భాగం మొప్పల నుంచే బయటకు వస్తుంది. మిగిలిన మేత, రెట్ట, కుళ్లిన ఆకు, ఇవి కూడా చివరికి అమ్మోనియా అవుతాయి. ఏట్లో, చెరువులో అయితే అది ఎటో కొట్టుకుపోతుంది. రెండడుగుల గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? చేప తన వ్యర్థంలోనే తాను ఈదుతుంటుంది. దాన్ని కాపాడేది ఆ స్పాంజిలో ఉన్న, కంటికి కనపడని జీవాలే, అంటే బ్యాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ చాలావరకు ఓర్చుకోగలిగిందే, వారానికోసారి పావువంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. నైట్రేట్, నైట్రైట్, పేర్లు ఒకేలా ఉన్నాయి కాబట్టి నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ కొనేటప్పుడు చూసి కొనండి. మీకు ముఖ్యంగా కావాల్సినవి అమ్మోనియా, నైట్రైట్ కిట్లు.

ఈ సూక్ష్మజీవుల సంగతి 1890 ప్రాంతంలోనే వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త తేల్చాడు. ఆయన చూసింది మట్టిలోవి. చాలా ఏళ్లు అక్వేరియంలో కూడా అవే ఉంటాయనుకున్నారు, నైట్రైట్‌ను నైట్రేట్ చేసే పని నైట్రోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాది అని పుస్తకాలన్నీ రాశాయి. 1990ల్లో అమెరికాలో మంచినీటి అక్వేరియం ఫిల్టర్లను డీఎన్ఏ పద్ధతిలో వెతికితే నైట్రోబ్యాక్టర్ జాడ దొరకలేదు. ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అనే ఇంకో రకమని 1998లో తేలింది. 2015లో ఇంకో ఆశ్చర్యం. మొత్తం పని, అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా, ఒంటిచేత్తో చేసే నైట్రోస్పైరా దొరికింది. రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. నెదర్లాండ్స్ వాళ్లకు అది ఎక్కడ దొరికిందో తెలుసా? చేపల పెంపకం నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్‌లో! మన స్పాంజికి దూరపు చుట్టమే అనుకోండి.

ఈ పేర్లన్నీ ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత షాపుల్లో సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా సంగతి వచ్చినప్పుడు పనికొస్తాయి. ఇప్పటికి రెండు విషయాలు గుర్తుంచుకోండి చాలు. ఒకటి, ఇవి నీళ్లలో తేలుతూ తిరిగే రకం కాదు. ఏదో ఒకదానికి అంటుకుని జిగట పొర కట్టుకుని బతుకుతాయి. కాబట్టి నీళ్లు మారిస్తే పెద్దగా పోవు. స్పాంజి మారిస్తే పోతాయి. రెండు, ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అన్నీ అనుకూలిస్తే 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. వీటికి దాదాపు ఒక రోజు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కొత్త ట్యాంకు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు అంటారే, అందుకే. మీరు ఉగాది ముందు పిండి పారబోసింది ఆ ఆరు వారాల పంట.

మరి నల్లగా ఉన్న స్పాంజిని ఏం చేయాలి? నల్లబడటం, గోధుమ రంగు రావడం చెడిపోయిన గుర్తు కాదప్పా. నీళ్ల ధార తగ్గిందా, అది చూడండి. ధార తగ్గితే కడగాలి. తగ్గకపోతే దాని జోలికి వెళ్లొద్దు.

కడగడం ఎలా? నీళ్లు మార్చే రోజున ట్యాంకులోంచి తీసిన నీళ్లను ఒక బకెట్లో పట్టుకోండి, మోరీలో పోయకండి. ఆ నీళ్లలోనే స్పాంజి ముంచి రెండు మూడుసార్లు నొక్కి వదలండి. బట్టలు పిండినట్టు మెలిపెట్టొద్దు. ముద్దముద్దగా మడ్డి దిగిపోతుంది, రంగు అలాగే ఉంటుంది. ఉండనివ్వండి. సిరామిక్ రింగులైతే జాలీలో ఉంచే నీళ్లలో అటూ ఇటూ ఆడించండి, చాలు. ఒకదానికొకటి రుద్దొద్దు. ఇంకొకటి, ఒకే రోజు స్పాంజి, రింగులు, గులకరాళ్లు మూడూ ముట్టుకోకండి. గులకరాళ్లలో కూడా ఈ జీవాలు కొన్ని ఉంటాయి, స్పాంజికి ఏదైనా అయితే అవే దిక్కు.

"నేను కుళాయి కిందే కడుగుతాను, నాకేం కాలేదే" అని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారు, నాకు తెలుసు. నిజమే, ఒక్కోసారి ఏం కాదు. మున్సిపల్ నీళ్లు సుంకేసుల బ్యారేజీ నుంచి వచ్చే తుంగభద్ర నీళ్లు, వాటిలో క్లోరిన్ కలుపుతారు. తాగునీటికి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం చెప్తుంది. పైపు చివరి ఇళ్లకు వచ్చేసరికి అది తగ్గిపోవచ్చు. పైగా ఆ జిగట పొర లోపలున్నవాటిని కొంతసేపు కాపాడుతుంది. చేపలు తక్కువుంటే నష్టం బయటికి కనపడదు. అయితే వానాకాలంలో ఏట్లోకి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచుతారు. ఆ రోజు మీకు చెప్పి పెంచరు కదా? నిరుడు ఏమీ కాలేదన్న ధైర్యంతో ఈసారి కడుగుతారు, అప్పుడు దొరికిపోతారు.

క్లోరిన్‌కు మందు సులువే. వెడల్పాటి టబ్బులో పోసి ఒక రోజు ఎయిర్ పంపు పెట్టి వదిలేస్తే పోతుంది. క్లోరమైన్, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు, కలిపిన నీళ్లయితే అలా పోదు, యాంటీ క్లోరిన్ వేయాల్సిందే. షాపులో అమ్మే యాంటీ క్లోరిన్‌లో ఉండేది చాలావరకు సోడియం థయోసల్ఫేట్. పాతకాలం ఫోటో స్టూడియోల్లో హైపో అనేవాళ్లు చూడండి, అదే పదార్థం. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు ఏడు మిల్లీగ్రాముల హైపో సరిపోతుంది, అంటే బకెట్‌కు రెండు మూడు పలుకులు చాలు. గుప్పెడు వేసేవాళ్లున్నారు, అలా వద్దు.

బోరు నీళ్లు వాడేవాళ్లు ఎంతమంది? ఓహో, సగానికి సగం ఉన్నారే. మీకు క్లోరిన్ బాధ లేదు, కానీ ఇంకో బాధ ఉంది. దీనిమీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే బయటి ఊళ్లవాళ్లు చెప్పే సలహాల్లో ఇది ఉండదు. మన దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, అంటే లవణాలు ఎక్కువ, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుందే, అదే గుర్తు. పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం ఎక్కువా క్షారం ఎక్కువా చెప్పే కొలత, 8 దాటి ఉండటం మామూలే. దానికి తోడు బేతంచెర్ల నాపరాయి ముక్కలు అందంగా ఉన్నాయని ట్యాంకులో పేర్చేవాళ్లున్నారు. అది సున్నపురాయి, నీళ్లను ఇంకా గట్టిపరుస్తుంది. ఈ గట్టి నీళ్లంటే మన బ్యాక్టీరియాకు ఇష్టమే, వాటి పనికి ఆ క్షారం కావాలి. చేపకే చిక్కు. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, ఇంకొకటి మొప్పల్లోంచి దూసుకుపోయే విషం. కిట్‌లో మీకు కనపడేది రెండూ కలిపిన లెక్క. నీళ్లు 30 డిగ్రీల వేడి, పీహెచ్ 7 ఉంటే అందులో విషరూపం వందకు ఒక్క పాలు కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8.2 అయితే వందకు పదకొండు పాళ్లు! అర్థమవుతోందా? అదే కిట్, అదే రంగు, బెంగళూరులో మెత్తటి నీళ్లు వాడేవాడి చేప బతుకుతుంది, బోరు నీళ్లలో మన చేప పోతుంది. ఎండ పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే "మీడియా అంతా ఒకేసారి మార్చాను, ఏమీ కాలేదు" అని ఎక్కడో చల్లటి దేశంలో ఉన్నాయన చెప్తే, ఆయన చెప్పింది నిజమే కావచ్చు. మనం మాత్రం దాన్ని పాటించకూడదు.

అందుకే ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు కొంచెం పైన పట్టేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. చేపకూ ఆక్సిజన్ కావాలి, బ్యాక్టీరియాకూ కావాలి. వానలు పడ్డాక చేసుకోండి, కొంపలేమీ మునగవు.

ఇప్పుడు అసలు పని. మార్చక తప్పదు అనుకుందాం. స్పాంజి ఎప్పుడు మార్చాలి? నొక్కితే మళ్లీ పైకి లేవకుండా అప్పడంలా అణిగిపోతే, చేతిలో పొడిపొడిగా రాలుతుంటే, అప్పుడు మార్చాలి. సిరామిక్ రింగులు మామూలుగా మార్చక్కర్లేదు. "ఆర్నెల్లకోసారి మార్చండి" అని డబ్బా మీద రాసి ఉంటుంది, వాళ్ల వ్యాపారం వాళ్లది. మనం ఆ రాతను పట్టుకుని కూర్చోనక్కర్లేదు. పల్చటి తెల్ల దూది ఉందే, అది మడ్డి పట్టేదానికి, పాడైనప్పుడల్లా పారేయొచ్చు. కార్బన్ కూడా అంతే, మూడు నాలుగు వారాలకు దాని శక్తి అయిపోతుంది. వేరే స్పాంజి ఉన్నంతవరకు దూది, కార్బన్ మార్చినందువల్ల నష్టం లేదు. నిజానికి కార్బన్ ఎప్పుడూ ఉండాల్సిన పనే లేదు, మందు వాడాక దాన్ని నీళ్లలోంచి లాగేయడానికి పెట్టుకుంటే చాలు.

కొత్త స్పాంజి తెచ్చారు. ముందు దాన్ని క్లోరిన్ లేని నీళ్లలో ఒకసారి కడగండి, రింగులైతే తెల్లపొడి పోయేదాకా కడగండి. ఫిల్టర్‌లో చోటుంటే పాతదాని పక్కనే కొత్తది పెట్టండి. చోటు లేకపోతే పాతదాన్ని కత్తెరతో నిలువునా సగానికి కోసేయండి, సగం పాతది, సగం కొత్తది పక్కపక్కన. స్పాంజి ఫిల్టర్ వాడేవాళ్లకు ఇంకా సులువు, ఎయిర్ ట్యూబ్‌కు ఒక టీ ఆకారపు జాయింటు పెట్టి కొత్త ఫిల్టర్‌ను అదే ట్యాంకులో రెండో మూల పెట్టేయండి. ట్యాంకు అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్‌లో మీడియా అంతా ఒకే ఒక కార్ట్రిడ్జ్‌లో ఉండే రకం ఉంటుంది చూడండి, అది వాడేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. ఎందుకంటే మార్చడమంటే అక్కడ మొత్తం మార్చడమే. వాళ్లు పాత కార్ట్రిడ్జ్‌ను ట్యాంకులోనే, ఫిల్టర్ నీళ్లు పడే చోట, దారం కట్టి వేలాడదీయండి. చూడ్డానికి బాగుండదు. ఒక నెలన్నర బాగుండకపోతే ఏమైంది?

రింగులకు జాలీ కావాలంటే కొననక్కర్లేదు. ఎర్రగడ్డలు వచ్చే జాలీ సంచి ముక్క బాగా కడిగి వాడండి, ఎర్రగడ్డల మార్కెట్ యార్డు ఉన్న ఊరు మనది, వాటికేం కరువు! మీడియా కొనలేనివాళ్లు రంగు వేయని కుండ పెంకులు చిన్నచిన్నగా కొట్టి వేసుకోవచ్చు. సన్నటి రంధ్రాలుంటాయి, బ్యాక్టీరియాకు ఇల్లు బాగా కుదురుతుంది. పదును అంచులు మాత్రం రాయిమీద అరగదీయండి.

పాత స్పాంజిని కొత్తదానిమీద పిండితే చాలదా అని అడుగుతారు. ఆ మడ్డినీళ్లు పోస్తే మంచిదే, పాలకు తోడు వేసినట్టు. కాకపోతే పాలు తెల్లారేసరికి తోడుకుంటాయి, ఇక్కడ వారాలు పడుతుంది. ఆ తోడు మీద నమ్మకంతో పాత స్పాంజిని అదే రోజు చెత్తబుట్టలో వేయొద్దు.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది వదిలేసే సంగతి, కాస్త శ్రద్ధగా వినండి. పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి ఆరు వారాలు ఆగారు. మంచిది. ఇప్పుడు కొత్తదాంట్లో పాతదాంతో సమానంగా బ్యాక్టీరియా నిండిపోయిందా? ట్యాంకులో మొత్తం బ్యాక్టీరియా రెట్టింపయిందా? కాలేదు. ఎందుకు కాలేదు? వాటికి మేత అమ్మోనియా. చేపలు అన్నే ఉన్నాయి, మీరు వేసే మేత అంతే, అమ్మోనియా అంతే. ఆ కొంచెం మేతను పాత ఇంట్లో ఉన్నవాళ్లు, కొత్త ఇంట్లో ఉన్నవాళ్లు పంచుకుంటారు. పాత స్పాంజి తీసేసిన రోజున ఎంతోకొంత జనాభా పోవడం ఖాయం. మిగిలినవి ఆ ఖాళీని నింపుకుంటాయి, కానీ వాటికి కొన్ని రోజులు కావాలి. కాబట్టి ఆరు వారాలు ఆగాం కదా అని పాతదాన్ని ఒక్క దెబ్బకు లాగేయకండి. ఈ వారం సగం కోసి తీయండి, వారం పది రోజులాగి మిగతా సగం తీయండి. ఆ రోజుల్లో మేత సగానికి తగ్గించండి. చేపలు ఆకలితో పోతాయని భయపడొద్దు, ఎదిగిన చేప రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా దానికేం కాదు. కొత్త చేపలు తేవొద్దు. ఇది ముఖ్యం. స్పాంజి మార్చిన సంబరంలో షాపుకు పోయి ఇంకో ఆరు మోలీలు తెచ్చేవాళ్లుంటారు. నవ్వుతున్నారంటే మీరేనన్నమాట!

రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూసుకోండి. అమ్మోనియా కిట్‌లో పసుపు రంగు కాస్త ఆకుపచ్చగా మారినా, అంటే 0.25 పీపీఎం (లీటరుకు పావు మిల్లీగ్రాము) దగ్గరికి వచ్చినా, పావువంతు నీళ్లు మార్చి మేత ఆపేయండి. నైట్రైట్ కనపడితే లీటరుకు ఒక గ్రాము లెక్కన కల్లుప్పు కరిగించి నిదానంగా పోయొచ్చు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి వెళ్లనివ్వకుండా అడ్డుపడుతుంది. నైట్రైట్ రక్తంలోకి పోతే రక్తం గోధుమ రంగుకు మారి ఆక్సిజన్ మోయలేకపోతుంది, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేప గుటకలు వేస్తుంది. అయితే ఫిల్టర్‌లో జియోలైట్ రాళ్లు ఉన్నవాళ్లు జాగ్రత్త. జియోలైట్ అమ్మోనియాను పట్టి ఉంచుతుంది, ఉప్పునీళ్లు తగిలితే పట్టినదంతా తిరిగి వదిలేస్తుంది. దాన్ని తీసేశాకే ఉప్పు.

మొక్కలు బాగా ఉండి చేపలు తక్కువున్న ట్యాంకు అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు. మొక్కలు అమ్మోనియాను నేరుగా తినేస్తాయి. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటి పెద్ద చేప ఒక్కటి పెట్టుకుని, మొక్క ఒక్కటీ లేకుండా, చేతినిండా మేత వేసేవాళ్లు మాత్రం నేను చెప్పినవన్నీ పాటించాలి.

ప్రశ్నలు అడగండి. ఆ, భాయ్ అడుగుతున్నారు, వెనకవాళ్లకు వినపడదని నేనే మళ్లీ చెప్తాను: సీసాలో దొరికే బ్యాక్టీరియా పోస్తే ఇవన్నీ ఎందుకు అని. మంచి ప్రశ్న. సీసా వెనక పేర్లు చదవండి. బాసిల్లస్ అని ఉంటే అవి మడ్డిని కుళ్లబెట్టే రకం. అవి గట్టి విత్తు లాంటి రూపంలోకి మారి ఎంత ఎండనైనా తట్టుకుంటాయి, అందుకే సీసాలో నిలవుంటాయి. మనకు కావాల్సిన అమ్మోనియా, నైట్రైట్ జీవాలకు ఆ శక్తి లేదు. నిజంగా అవే ఉన్న సీసాలు కూడా వస్తున్నాయి, లేవనను. కానీ ఆ సీసా లారీలో వచ్చి, గోడౌన్‌లో ఉండి, మన మే నెల ఎండలో షాపు అద్దం వెనక నిలబడి ఉంది. లోపల ఎన్ని బతికున్నాయో షాపాయనకూ తెలియదు. కొంటే కొనండి, దాన్ని నమ్ముకుని పాత స్పాంజి మాత్రం పారేయకండి.

అక్కా, మీరు చెప్పండి. కరెంటు పోతే ఫిల్టర్‌లో బ్యాక్టీరియా ఎంతసేపు ఆగుతాయి అని అడుగుతున్నారు. స్పాంజి ఫిల్టర్ అయితే ట్యాంకు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి కొన్ని గంటలు తట్టుకుంటుంది. ట్యాంకు బయట ఉండే, మూత బిగించిన డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టర్ అయితే లోపలి ఆక్సిజన్‌ను అవే తినేస్తాయి, తర్వాత చావడం మొదలవుతుంది. ఎక్కువసేపు కరెంటు పోతే మూత తీసి ఉంచండి. తిరిగి వచ్చాక వెంటనే ఆన్ చేయకుండా, లోపలి నీళ్లు పారబోసి, మీడియాను ట్యాంకు నీళ్లలో ఒకసారి జాడించి పెట్టండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ నీళ్లు ట్యాంకులోకి అస్సలు పోనివ్వకండి. ఇన్వర్టర్ మీద టీవీ పెట్టుకునే బదులు ఎయిర్ పంపు పెట్టుకోండి, అది తినేది రెండు మూడు వాట్లే.

మందులా? అవును, అది చెప్పడం మరిచాను. మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్స్, పర్మాంగనేట్, ఇవి మన బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. జబ్బు చేసిన చేపను వేరే టబ్బులో పెట్టి వైద్యం చేయండి. ట్యాంకులోనే వేయక తప్పకపోతే, మీడియా మార్పును కనీసం రెండు నెలలు వాయిదా వేసుకోండి.

చివరగా, కొత్తగా ట్యాంకు పెట్టుకున్నవాళ్ల కోసం ఒక పని చేశాను. ఆ గుమ్మం దగ్గర నీలం డబ్బాలో పాత స్పాంజి ముక్కలున్నాయి, ట్యాంకు నీళ్లలోనే మునిగి ఉన్నాయి, ఎయిర్ పంపు కూడా నడుస్తోంది. ఈ మధ్య కొత్త చేపలు వేయని, జబ్బులు లేని ట్యాంకులోవి. పక్కన కవర్లున్నాయి. ముక్క మునిగేలా నీళ్లు కొంచెం, గాలి ఎక్కువ ఉంచి ముడి వేసుకుని తీసుకెళ్లండి. బండి డిక్కీలో పెట్టొద్దు, వేడికి ఉడికిపోతుంది. దారిలో టీ కొట్టు దగ్గర ఆగొద్దు, ఇంటికి పోగానే మీ ఫిల్టర్ స్పాంజి పక్కన దూర్చేయండి. మనిషికి ఒక ముక్కే, అందరికీ రావాలి.